ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా యూకే ఎన్నికల్లో ఓటుంది: సర్వేల్లో పనిచేస్తూ రోజూ వినే అపోహలు, వాస్తవాలు

నేను యూకేలో ఎన్నికల సర్వేల్లో పనిచేస్తాను. "రేపు జనరల్ ఎలక్షన్ పెడితే ఏ పార్టీకి వేస్తారు, ప్రధాని పనితీరు మీకు నచ్చిందా లేదా" అని ఫోన్ చేసి అడుగుతారు చూడండి, ఆ పని చాలాకాలం చేశాను, ఇప్పుడు ఎక్కువగా ఫోకస్ గ్రూపులు నడుపుతున్నాను, అంటే ఓ ఎనిమిది పది మందిని ఒక గదిలో కూర్చోబెట్టి లీడర్ల గురించి, పాలసీల గురించి మాట్లాడించడం. ఇందులో మనవాళ్ళు తగిలినప్పుడల్లా ఒకటే జరుగుతుంది. వీసా రూల్స్, ఎన్‌హెచ్ఎస్ వెయిటింగ్ లిస్టులు, కౌన్సిల్ టాక్స్, సునాక్, స్టార్మర్, ఫరాజ్, దేని మీదైనా గంటసేపు మాట్లాడతారు, ఎవరు ఏ పాలసీ ఎప్పుడు మార్చారో తేదీలతో సహా చెప్తారు. చివర్లో "ఓటరుగా రిజిస్టర్ అయ్యారా" అని అడిగితే "లేదండీ, మేం వీసా మీద ఉన్నాం కదా, మాకు ఓటెక్కడిది" అంటారు.

ఉంది. మీకు ఓటు ఉంది. మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీని గురించే మాట్లాడాలి.

అపోహ: బ్రిటిష్ పౌరసత్వం వస్తేనే జనరల్ ఎలక్షన్‌లో ఓటు

వాస్తవం: ఇండియా కామన్వెల్త్ దేశం. చెల్లుబాటయ్యే వీసాతో యూకేలో నివాసం ఉంటున్న కామన్వెల్త్ పౌరులు 18 ఏళ్ళు నిండితే పార్లమెంట్ ఎన్నికల్లో ఓటేయొచ్చు. స్టూడెంట్ వీసా, డిపెండెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్, గ్రాడ్యుయేట్ రూట్, ఏదైనా సరే. ఐఎల్ఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, అక్కర్లేదు, ఇన్నేళ్ళు ఉండాలన్న లెక్కా లేదు. మీ పక్కింట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న జర్మన్ ఆవిడకి జర్మన్ పాస్‌పోర్టే ఉంటే జనరల్ ఎలక్షన్‌లో ఓటు లేదు, మొన్న సెప్టెంబర్‌లో హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన కుర్రాడికి ఉంది. ఇది కొత్త రూలు కూడా కాదు, బ్రిటిష్ సామ్రాజ్యం నాటి సంబంధాల నుంచి వస్తున్నదే. చూడ్డానికి, ఓ రెండు వారాల కోసం చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలకి మాత్రం ఇది వర్తించదు, ఇక్కడ నివాసం ఉండాలి.

2024 ఎన్నికలప్పుడు రెడింగ్‌లో ఒక గ్రూపులో గుంటూరు వైపు నుంచి వచ్చిన దంపతులు ఉన్నారు, ఇద్దరూ ఐటీ. ఆయన స్కిల్డ్ వర్కర్ జీతం లిమిట్ 26,200 పౌండ్ల నుంచి 38,700కి ఆ ఏప్రిల్‌లోనే పెంచిన సంగతి చెప్తూ, ప్రధాని రిషి సునాక్ మనవాడని సంతోషపడ్డామండీ, తీరా మా తమ్ముడికి స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీ వెనక్కి పోయింది అన్నాడు. ఆవిడ బాధ వేరు, లేబర్ పార్టీ వస్తే ప్రైవేట్ స్కూళ్ళ ఫీజుల మీద వ్యాట్ వేస్తారట కదా అని. ఇద్దరికీ గట్టి అభిప్రాయాలు, గట్టి కారణాలు. ఎలక్షన్ జులై 4న, రిజిస్ట్రేషన్ గడువు జూన్ 18, మేము కూర్చున్న రోజుకి గడువు దాటిపోయింది. మీకు ఓటు హక్కు ఉండేదండీ అని చెప్తే ఆవిడ మొహం చూడలేకపోయాను. మూడేళ్ళుగా ఇక్కడ టాక్స్ కడుతున్నాం, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదక్కా అంది.

అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా. సర్వేలో మీ అభిప్రాయం ఒక శాతంలో కలిసిపోతుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఎంపీని మార్చేది ఓటర్ లిస్టులో పేరున్నవాళ్ళు. 2024లో హెండన్ నియోజకవర్గంలో లేబర్ అభ్యర్థి గెలిచింది 15 ఓట్ల తేడాతో. లండన్‌లో అదెక్కడో కాదు, హారో పక్కనే, మనవాళ్ళు అద్దెకుండే వీధులు ఆ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి. పూల్ అనే నియోజకవర్గంలో తేడా 18 ఓట్లు. 2017లో స్కాట్లండ్‌లోని నార్త్ ఈస్ట్ ఫైఫ్‌లో అయితే రెండే రెండు ఓట్లు.

దీని చుట్టూ అల్లుకున్న పుకార్లు ఇంకా దారుణం. ఓటుకి రిజిస్టర్ అయితే హోమ్ ఆఫీస్ వీసా ఎక్స్‌టెన్షన్ ఆపేస్తుందట. ఆపదు. చట్టం ఇచ్చిన హక్కు వాడుకున్నందుకు వీసా ఆపే రూలే లేదు. ఇక్కడ ఓటేస్తే ఇండియా పౌరసత్వం పోతుందట. పోదు, అది పోయేది వేరే దేశం పౌరసత్వం తీసుకున్నప్పుడు. ఇలాంటివి ఎవరు మొదలుపెడతారో గానీ ఫార్వర్డ్ చేసేవాళ్ళు దయచేసి ఒక్క నిమిషం ఆగి ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకే చూడండి, మీ ఒక్క ఫార్వర్డ్‌తో ఇంట్లో నలుగురు ఓటు వదిలేసుకుంటున్నారు. భయపడేవాళ్ళని నేను తప్పు పట్టను, వీసా మీద బతికేవాళ్ళకి ప్రతి ఫారం భయమే, నాకూ తెలుసు, ఒకప్పుడు నేనూ బీఆర్‌పీ (రెసిడెన్స్ పర్మిట్) కార్డు పర్సులో ఉందో లేదో పదిసార్లు తడుముకుంటూ తిరిగినదాన్నే. కానీ ఈ ఫారంకి భయపడక్కర్లేదు.

ఎలా చేసుకోవాలంటే, గవ్.యూకేలో ఐదు నిమిషాల పని. నేషనాలిటీ దగ్గర ఇండియన్ అనే పెట్టండి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ అడుగుతారు, అది లేకపోయినా అప్లై చెయ్యొచ్చు, కౌన్సిల్ వాళ్ళు వేరే ప్రూఫ్ అడుగుతారు. పేరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే రాయండి, మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఉత్త ఇనీషియల్ ఉండి పోలింగ్ స్టేషన్‌లో అనవసరంగా ఇబ్బంది అవుతుంది. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలి, మనవాళ్ళలో లిస్టులోంచి పేరు పోయేది ఎక్కువ ఇక్కడే, ఏడాదికో ఫ్లాట్ మారతాం కదా. ఎలక్షన్ ప్రకటించేదాకా ఆగకండి, గడువు పోలింగ్‌కి 12 పనిదినాల ముందే అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది, ఎలక్టోరల్ రోల్‌లో, అంటే ఓటర్ లిస్టులో, పేరుంటే క్రెడిట్ స్కోర్‌కి సాయపడుతుంది, మార్ట్‌గేజ్ కోసం తిరిగేవాళ్ళకి దీని విలువ తెలుసు.

పోలింగ్ రోజు ఫోటో ఐడీ కావాలి, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో జనరల్ ఎలక్షన్‌కి ఇది మొదలైంది 2024లోనే. అక్కడ ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. చాలామంది బ్రిటిష్ ఐడీయే ఉండాలనుకుని ఇంట్లో కూర్చున్నారు, అక్కర్లేదు.

అపోహ: సర్వేలో ఎవరు ముందుంటే వాళ్ళదే గవర్నమెంట్, ఇక మన పని అయిపోయినట్టే

2025 సెప్టెంబర్‌లో ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే వాళ్ళు తాము గెలిస్తే ఐఎల్ఆర్ అన్నదే తీసేస్తామని ప్రకటించారు. అప్పటికే సర్వేల్లో వాళ్ళే ముందున్నారు. ఆ వారం నాకు వచ్చినన్ని ఫోన్లు 2024 ఎన్నికలప్పుడు కూడా రాలేదు. బర్మింగ్‌హామ్‌లో కేర్ వర్కర్‌గా చేస్తున్న వరంగల్ అమ్మాయి నైట్ డ్యూటీ దిగి ఫోన్ చేసింది, "అక్కా, సర్వేలల్ల వాళ్ళే ఫస్ట్ అంట, మమ్ముల పంపిచ్చేస్తరా, పిల్లల్ని స్కూల్ల ఏసిన" అని ఏడుపు. ఆమెకి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా.

సర్వే చట్టం కాదు. తర్వాతి జనరల్ ఎలక్షన్‌కి 2029 ఆగస్ట్ దాకా టైముంది, ముందే పెడితే తప్ప. సర్వేలో శాతానికీ సీట్లకీ మధ్య చాలా దూరం ఉంది, ఎందుకంటే మన ఎంపీ ఎన్నికల్లాగే ఇక్కడా నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళే. 2024లో లేబర్‌కి 33.7 శాతం ఓట్లు, 650లో 411 సీట్లు. రిఫార్మ్‌కి 14.3 శాతం, వచ్చింది 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకి అంతకంటే తక్కువ, 12.2 శాతం, కానీ సీట్లు 72, వాళ్ళ ఓట్లు కొన్ని చోట్ల గుట్టగా పడ్డాయి కాబట్టి. ఇదే లెక్క అటు తిరిగితే మూడో వంతు ఓట్లతోనే రేపు ఇంకొకరికి మెజారిటీ రావొచ్చు, అందుకే నేను ఆ అమ్మాయికి ఏం కాదులే అని కూడా చెప్పలేదు. 5 ఏళ్ళ ఐఎల్ఆర్‌ని 10 ఏళ్ళు చెయ్యాలని 2025 మేలో వైట్ పేపర్‌లో (ప్రభుత్వ విధాన పత్రంలో) ప్రతిపాదించింది అధికారంలో ఉన్న లేబరే. ఆందోళన నిజమైనదే. కానీ ఆందోళన పెట్టుకుని ఓటర్ లిస్టులో పేరు లేకుండా కూర్చోవడంలో అర్థం లేదు. ఆ అమ్మాయి ఆ వారమే రిజిస్టర్ చేసుకుంది, వాళ్ళాయన చేత కూడా చేయించింది.

లీడ్ అన్నది ఎంతలా కరిగిపోతుందో 2017 చూడండి. కన్సర్వేటివ్ ప్రధాని థెరెసా మే ఎన్నికలు ప్రకటించినప్పుడు 20 పాయింట్ల దాకా ముందుంది. మే 18న మేనిఫెస్టోలో ముసలివాళ్ళ సంరక్షణ ఖర్చుకి వాళ్ళ ఇంటి విలువ కూడా లెక్కలోకి తీసుకుంటామని పెట్టింది, జనం దానికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) టాక్స్ అని పేరు పెట్టారు, నాలుగు రోజుల్లో సర్దుకోవాల్సి వచ్చింది, జూన్ 8న ఓట్లేస్తే ఉన్న మెజారిటీ పోయింది. అప్పుడు ఫోన్లో మాట్లాడిన పెద్దవాళ్ళ గొంతులో మార్పు రోజురోజుకీ వినిపించేది, ముందు వారం ఆవిడ మంచి లీడరన్నవాళ్ళే తర్వాతి వారం మా ఇల్లు పిల్లలకి దక్కదా అని నన్నే అడిగేవాళ్ళు. పాలసీ ఇంటి గడప తొక్కితే లీడర్ మీద అభిప్రాయం అంత తొందరగా మారుతుంది.

అపోహ: యూకే తెలుగువాళ్ళలో 70 శాతం ఫలానా పార్టీకే

ఇలాంటి ఫార్వర్డ్ ఒకటి స్లౌలో ఉండే మా బాబాయ్ ప్రతి ఎలక్షన్‌కీ పంపిస్తారు. మామూలు సర్వేలో వెయ్యి నుంచి రెండు వేల మందిని అడుగుతాం. 2021 సెన్సస్ ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో ఇండియన్లు 3.1 శాతం. అంటే రెండు వేల మందిలో అరవై మంది, అందులో తెలుగువాళ్ళు ఎంతమంది తేలతారో మీరే చెప్పండి. అరవై మందితో తీసిన శాతం అటో ఇటో 13 పాయింట్ల దాకా మారిపోతుంది. తెలుగువాళ్ళ లెక్క విడిగా తీయాలంటే దానికోసమే ప్రత్యేకంగా పెద్ద సర్వే చెయ్యాలి. ఎవరు చేశారు, ఎంతమందిని అడిగారు, ఏ ప్రశ్న అడిగారు, ఈ మూడూ లేని అంకెని పట్టించుకోకండి. బ్రిటిష్ పోలింగ్ కౌన్సిల్ సభ్య సంస్థలైతే పూర్తి టేబుల్స్ బయటపెట్టాలి, వాళ్ళ సైట్లలో ఎవరైనా చూడొచ్చు.

అపోహ: వెయ్యి మందిని అడిగి దేశం మొత్తం చెప్పడం మోసం

మోసం కాదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకునే చూస్తాం, కాకపోతే కుండ అడుగుదాకా కలపాలి. వయసు, చదువు, ప్రాంతం, పోయినసారి ఎవరికి వేశారు, ఇవన్నీ చూసి సరిచేసేది అందుకే. కలపడం కుదరనప్పుడు తప్పుతాయి, 2015లో తప్పాయి, రెండు పెద్ద పార్టీలూ సమానం అని చెప్తే కన్సర్వేటివ్‌లు ఆరేడు పాయింట్లతో గెలిచారు, తర్వాత విచారణలో తేలింది శాంపిల్‌లోనే లేబర్‌వాళ్ళు ఎక్కువయ్యారని. 2024లో కూడా లేబర్ లీడ్‌ని సర్వేలు ఎక్కువ చూపించాయి. గెలిచేది ఎవరో సరిగ్గా చెప్పాయి, ఎంత తేడాతోనో సరిగ్గా చెప్పలేదు.

అపోహ: లీడర్ నచ్చితే పార్టీ గెలుస్తుంది

కొంతవరకే. 1979లో వ్యక్తిగా జనానికి ఎక్కువ నచ్చింది లేబర్ ప్రధాని క్యాలహన్, గెలిచింది కన్సర్వేటివ్ లీడర్ థాచర్. 2010లో మొదటి టీవీ డిబేట్ తర్వాత లిబరల్ డెమొక్రాట్ల లీడర్ నిక్ క్లెగ్ పేరు దేశమంతా మోగింది, సర్వేల్లో పార్టీ 30 శాతం దగ్గరికెళ్ళింది, ఓట్లు లెక్కపెడితే 23, సీట్లు 62 నుంచి 57కి తగ్గాయి.

అపోహ: మనం ప్రధానికి ఓటేస్తాం

లేదు, మీ ఏరియా ఎంపీకి. 2022లో ఒక్క జనరల్ ఎలక్షన్ లేకుండానే ప్రధాని పదవి జాన్సన్ నుంచి ట్రస్‌కి, ట్రస్ నుంచి సునాక్‌కి మారింది. కాబట్టి టీవీలో కనపడే లీడర్‌ని చూసి ఊరుకోకుండా మీ నియోజకవర్గం అభ్యర్థి వీసాల మీద ఏమంటున్నారో అడగండి, ఇంటికొచ్చి తలుపు కొడతారు, ఈమెయిల్ చేస్తే జవాబిస్తారు. 2024లో ఉదయ్ నాగరాజు లేబర్ తరఫున నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో, చంద్ర కన్నెగంటి కన్సర్వేటివ్‌ల తరఫున స్టోక్‌లో నిలబడ్డారు, ఇద్దరూ ఓడిపోయారు గానీ రెండు పార్టీల్లోనూ మనవాళ్ళు పోటీ చేసేదాకా వచ్చారు.

అపోహ: సర్వేవాళ్ళకి చెప్తే మన పేరు పార్టీలకి వెళ్తుంది

వెళ్ళదు. మీ జవాబు పేరు లేకుండా అంకెగానే లెక్కలోకి వెళ్తుంది. ఎవరైనా సర్వే అని చెప్పి పాస్‌పోర్ట్ నంబరో, వీసా స్టేటస్ చూపించే షేర్ కోడో, బ్యాంకు వివరాలో అడిగితే అది సర్వే కాదు, వెంటనే ఫోన్ పెట్టేయండి.

స్టూడెంట్లు చాలామంది అడిగేది ఒకటి మిగిలింది. యూనివర్సిటీ ఊళ్ళో ఒక అడ్రస్, సెలవుల్లో ఉండే అక్కావాళ్ళింటి అడ్రస్ ఒకటి ఉంటే? రెండు చోట్లా మీకు నిజంగా నివాసం ఉంటే రెండింటిలోనూ రిజిస్టర్ కావొచ్చు, జనరల్ ఎలక్షన్‌లో మాత్రం ఏదో ఒక చోటే ఓటెయ్యాలి, రెండు చోట్లా వేస్తే నేరం. ఎక్కడ పోటీ గట్టిగా ఉందో చూసుకుని అక్కడ వేసుకోండి, ఆ రోజు ఊళ్ళో ఉండకపోతే పోస్టల్ ఓటుకి ముందే అప్లై చెయ్యండి.