చెంచా ముక్కు కాదు, బురద ముక్కు

కాకినాడ,
డిసెంబరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సూర్యలంక బీచ్‌లో మీరు తీసిన ఫోటోలు అందాయి. వాటిలో ఒకదాన్ని పిట్టల పేర్లు చెప్పే యాప్ ‘స్పూన్‌బిల్డ్ శాండ్‌పైపర్’ (చెంచా ముక్కు పిట్ట) అందట. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే మిగిలిన పిట్ట మీకు దొరికిందని ఇంట్లో ఒకటే హడావుడిగా ఉందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఫోటో పెద్దది చేసి చూశాను. అది మామూలుగా కనబడే లిటిల్ స్టింట్. ముక్కు చివర చెంచాలా కనిపిస్తున్నది బురద. నమ్మకం కుదరకపోతే మీరే తీసిన తర్వాతి రెండు ఫోటోలు చూడండి. అదే పిట్ట, అదే ఇసుక, ముక్కు మాత్రం సన్నగా సూదిగా ఉంది. బురద రాలిపోయింది. అందుకే ఒక్క ఫోటోతో ఆగకుండా నాలుగైదు తీయమంటాను.

యాప్‌ని తిట్టకండి. ఈ రెండు పిట్టల దగ్గర బాగా అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడతారు. రెండూ ఇంచుమించు పిచ్చుకంతే. చలికాలంలో రెండింటికీ వీపు బూడిదరంగు, పొట్ట తెలుపు, కాళ్ళు నలుపు. పైగా అసలు చెంచా ముక్కు పిట్ట పక్కకు తిరిగి ఉంటే ఆ చెంచా సరిగా కనిపించదు, మనకు ఎదురుగా తిరిగినప్పుడే వెడల్పు తెలుస్తుంది. అది రష్యా తూర్పు కొసన చుకోట్కా ప్రాంతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి మయన్మార్, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ బురదమేటలకు వస్తుంది. మన తూర్పు తీరంలో ఎప్పుడో ఒకసారి కనబడుతుంది. కాబట్టి అది ఇక్కడికి రానే రాదని కొట్టిపారేయలేం, కానీ వచ్చిందని చెప్పాలంటే గట్టి సాక్ష్యం చూపించాలి.

మీరు ‘అరుదైన పిట్టల్ని గుర్తుపట్టడం నేర్పు తాతయ్యా’ అని రాశారు. నేను మామూలు పిట్టలతోనే మొదలుపెడతాను. మీ వీధిలో రోజూ తిరిగేవాళ్ళు ఎవరో తెలిస్తేనే కదా, కొత్త మనిషి వచ్చాడని తెలిసేది. లిటిల్ స్టింట్‌ని ఒక గంట సేపు కదలకుండా చూడండి. తల వంచి టకటకా పొడుస్తూ ఎలా పరిగెడుతుందో, పక్కదాన్ని ఎలా తరుముతుందో, ఎగిరినప్పుడు తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు ఎలా కనబడుతుందో మీకు కంఠతా రావాలి. అప్పుడు వంద స్టింట్ల మధ్య ఒకటి తేడాగా నడిస్తే మీ కన్ను దానంతట అదే అక్కడ ఆగుతుంది. హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి అమీన్‌పూర్ చెరువు దగ్గర సాధన చేయొచ్చు. స్టింట్లు, ఉల్లంకి పిట్టలు చలికాలంలో చెరువులకూ వస్తాయి.

తీరం పిట్టలన్నీ ఒకేలా ఉన్నాయని పెద్దాడు విసుక్కున్నాడట. నిజమే, డిసెంబరులో అవి అలాగే ఉంటాయి. జూన్‌లో ఆర్కిటిక్ టండ్రాలో చూస్తే వీటిలో చాలావాటికి ఇటుక ఎరుపు, నలుపు, బంగారు రంగు చుక్కలు ఉంటాయి. జత కట్టే రోజుల ముస్తాబు అది. ఆ పని అయిపోయాక ఈకలు మార్చుకుని బూడిదరంగులోకి వస్తాయి. పుస్తకంలో ఎర్ర పొట్ట బొమ్మ చూసి, దాని కోసం సంక్రాంతికి వెతికితే దొరకదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదట దిగే ఈడొచ్చిన పిట్టలకు ఆ ఎరుపు కొంచెం మిగిలి ఉంటుంది. ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళేముందు మళ్ళీ ఎక్కుతుంది. మధ్యలో ఉన్న నెలల్లో రంగును నమ్ముకుంటే దెబ్బతింటాం.

మరి దేన్ని నమ్మాలి? ముక్కును, కాళ్ళను, నడకను. ప్లోవర్లు అనే జాతి పిట్టలకు పొట్టి ముక్కు, పెద్ద కళ్ళు. అవి కంటితో వేటాడతాయి. నాలుగడుగులు పరిగెత్తి, టక్కున ఆగి, చూసి, పొడుస్తాయి. శాండ్‌పైపర్లు అలా కాదు, ముక్కు బురదలో దించి తడుముతాయి. వాటి ముక్కు కొసన నరాలు చాలా ఎక్కువ. బురద లోపల పురుగు కదిలితే ఒత్తిడి తేడాను బట్టి తెలుసుకుంటాయి. ముక్కు మొత్తం తెరవకుండా కొసను మాత్రమే విచ్చి, లోపలే పట్టుకోగల పిట్టలు కూడా వీటిలో ఉన్నాయి. అందుకే ఒకే బురదమేట మీద ఇన్ని జాతులు సర్దుకుపోతాయి. స్టింటు పైపొరలో ఏరుకుంటుంది, గాడ్‌విట్ వేలెడు లోతున వెతుకుతుంది, కర్లూ తన కొడవలి ముక్కుతో ఇంకా కిందికి వెళ్ళి పీతల్నీ పురుగుల్నీ లాగుతుంది. ముక్కు చూస్తే పిట్ట తిండి ఎంత లోతున ఉందో చెప్పొచ్చు. నాకు వీటిలో ఇష్టమైనది టెరెక్ శాండ్‌పైపర్. ముక్కు పైకి వంగి, కాళ్ళు పొట్టిగా పసుపు-నారింజ రంగులో ఉంటాయి. ఏదో కొంప మునిగినట్టు అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది.

మన దగ్గర పోల్చుకోవడానికి ఇబ్బంది పెట్టే జంటలు కొన్ని ఉన్నాయి. చిన్న ప్లోవర్లలో మెడ వెనక తెల్ల పట్టీ ఉంటే కెంటిష్ ప్లోవర్, లేకపోతే శాండ్ ప్లోవర్. గ్రే ప్లోవర్, గోల్డెన్ ప్లోవర్ నిలబడి ఉన్నప్పుడు గందరగోళం పెడతాయి గానీ, ఎగిరాయంటే తేలిపోతుంది. రెక్క కింద చంకలో నల్ల మచ్చ కనిపిస్తే అది గ్రే ప్లోవర్. కర్లూకి, వింబ్రెల్‌కి రెండింటికీ వంకర ముక్కే. వింబ్రెల్ ముక్కు పొట్టి, తల మీద ముదురు చారలు ఉంటాయి. గల్ పక్షులతో మాత్రం ఓపిక కావాలి. బ్రౌన్ హెడెడ్ గల్, బ్లాక్ హెడెడ్ గల్ చలికాలంలో రెండూ తెల్ల తలతో, చెవి దగ్గర ఒక నల్ల మచ్చతో ఉంటాయి. పేరును బట్టి తల చూస్తే లాభం లేదు, రెక్క చూడాలి. రెక్క కొస నల్లగా ఉండి అందులో తెల్ల చుక్కలుంటే బ్రౌన్ హెడెడ్. రెక్క ముందంచు పొడవునా తెలుపు ఉంటే బ్లాక్ హెడెడ్. ఇది పెద్దవాటి సంగతి. గల్ పిల్లలు పూర్తి రంగులోకి రావడానికి జాతిని బట్టి రెండు నుంచి నాలుగేళ్ళు పడుతుంది, ఈలోగా ఏటా ఒక వేషం వేస్తాయి. వాటి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

ఇక వేళ. పిట్టల్ని చూడాలంటే తెల్లవారుజామున లేవాలని అందరూ చెబుతారు. అడవిలో అది సరైన మాట. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున బీచ్‌లో నిలబడితే ఎండ మన కళ్ళలో, పిట్టలు నల్లటి నీడల్లా. కాళ్ళ రంగే తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, ప్రతి ఈకా కనిపిస్తుంది. దానికంటే ముఖ్యం పోటు. నీళ్ళు పాటు తీసినప్పుడు బురదమేట కిలోమీటర్ల దూరం బయటపడుతుంది, పిట్టలన్నీ ఆ చివరికి వెళ్ళిపోతాయి. పోటు ఎక్కుతున్నకొద్దీ నీళ్ళే వాటిని మన వైపు తోసుకొస్తాయి. నిండు పోటుకి రెండు గంటల ముందు వెళ్ళి కూర్చుంటే మనం కదలక్కర్లేదు. రోజుకు రెండు పోట్లు, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకి, పున్నమికి పోటు పెద్దది. కాబట్టి అమ్మమ్మ గోడ క్యాలెండరు కూడా పిట్టలు చూడ్డానికి పనికొస్తుంది. పోటు మరీ ఎక్కువైతే అవి ఉప్పు మళ్ళలోకి, పర్రల్లోకి వెళ్ళి ఒంటికాలి మీద నిద్రపోతాయి. ఒక కాలే కనబడిందని కుంటి పిట్ట అని రాసేయకండి, రెండోది పొట్ట ఈకల్లో దాచుకుంటుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు మిమ్మల్ని కోరింగ వైపు తీసుకెళ్తాను. గోదావరి మొగ దగ్గర మడ అడవి, దాని ముందు బురదమేటలు, ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ. ఆ దిబ్బను గోదావరి తెచ్చిన ఇసుకే కట్టింది. అక్కడ నేను చూపించాలనుకుంటున్నది ఇండియన్ స్కిమ్మర్. నారింజ రంగు ముక్కు, అందులో పై దవడ కంటే కింది దవడ పొడుగు. ఎగురుతూ నోరు తెరిచి, ఆ కింది దవడతో నీటి పైభాగాన్ని గీసుకుంటూ పోతుంది. చేప తగలగానే పై దవడ మూసుకుంటుంది. చంబల్, మహానది లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టి, చలికాలం మన కాకినాడ తీరానికి వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్ళో దీన్ని చూడ్డానికి ఇక్కడికి వస్తుంటే, మనూరి వాళ్ళలో చాలామందికి పేరు కూడా తెలియదు. నాకు అదొక బాధ.

అదృష్టం ఉంటే గ్రేట్ నాట్ కూడా కనబడొచ్చు. స్టింట్లకు పెద్దన్నలా ఉంటుంది, రొమ్ము పక్కల నల్లటి మచ్చలు. దాని కథ మాత్రం దిగులు పుట్టిస్తుంది. ఈ జాతి పిట్టలు చైనా, కొరియాల మధ్య ఉన్న ఎల్లో సీ బురదమేటల మీద ఆగి, తిని, బలం పుంజుకుని ముందుకు వెళ్తాయి. 2006లో దక్షిణ కొరియాలో సేమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ పూర్తయింది. లోపలి బురదమేటకు పోటు ఆగిపోయింది. ఆ తర్వాత గ్రేట్ నాట్‌ల లెక్క బాగా పడిపోయింది. దారిలో ఒక్క మజిలీ పోయినా ఇబ్బందే. ఆ ప్రయాణాలు అలాంటివి మరి. 2022లో ఒక బార్ టెయిల్డ్ గాడ్‌విట్, పుట్టి అయిదు నెలలే అయింది, అలాస్కా నుంచి టాస్మేనియాకి 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని వీపు మీద కట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్ వల్ల ఆ సంగతి తెలిసింది. మన తీరానికి వచ్చే గాడ్‌విట్లు ఆ దారివి కాదు గానీ జాతి ఒకటే.

పిట్ట కాలికి పరిశోధకులు వేసిన రింగు గానీ, రంగు ప్లాస్టిక్ జెండా గానీ కనిపిస్తే మిగతావన్నీ పక్కన పెట్టి దాన్ని ఫోటో తీయండి. ఏ కాలికి ఉంది, మోకాలి మడతకు పైనా కిందా, ఏ రంగు పైన ఏ రంగు కింద, అక్షరాలు ఏమున్నాయి, అన్నీ రాయాలి. 1883లో మొదలైన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే, ఆ పిట్టకు ఎక్కడ ఎప్పుడు రింగు వేశారో వాళ్ళు వెతికి చెబుతారు.

కొత్త పిట్ట కనబడితే పేరు కోసం పుస్తకం తీయొద్దు. పుస్తకం తీసేలోగా అది ఎగిరిపోతుంది, తర్వాత మన జ్ఞాపకం బొమ్మకు తగ్గట్టు మారిపోతుంది. ముందు నోట్‌బుక్‌లో గీయండి. బొమ్మ బాగోకపోయినా ఫరవాలేదు. పక్కనున్న తెలిసిన పిట్ట కంటే పెద్దదా చిన్నదా, ముక్కు తలకు ఎన్ని రెట్లు, కాళ్ళ రంగు, ఎగిరినప్పుడు రెక్కలో తెలుపు ఎక్కడ, అరుపు ఎలా ఉంది. చివరిగా, అది ఏ మామూలు పిట్ట కావచ్చు, ఎందుకు కాదు అని రెండు వాక్యాలు. చూసిన పిట్టల లెక్కలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో అరుదైన పిట్ట పేరు ఎక్కిస్తే వివరాలు అడుగుతారు, అప్పుడు ఇవే పనికొస్తాయి. ‘ఏదో శాండ్‌పైపర్, తేలలేదు’ అని రాసినా తప్పు లేదు. తేలని వాటిని తేలలేదని రాసేవాడి లెక్క మీదే నాకు గురి.

వల లాగేవాళ్ళతో, ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళతో మాట్లాడండి. కలివికోడి సముద్రపు పిట్ట కాదు గానీ దాని సంగతి వినాలి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది అక్కడి ఐతన్న, పిట్టలు పట్టడం తెలిసిన మనిషి.

తుపాను వెళ్ళిన మర్నాడు తీరంలో నడిసముద్రపు పిట్టలు పడి ఉండొచ్చు. ఫ్రిగేట్ పక్షి లాంటివి మామూలుగా ఒడ్డుకు రావు, గాలి వాటిని తోసుకొస్తుంది. పడి ఉన్నదాన్ని జాలితో మళ్ళీ నీళ్ళలోకి విసరకండి. నోట్లో నీళ్ళు పోయకండి. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టి అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేయాలి. గుంపుగా కూర్చున్న పిట్టల్లోకి ఫోటో కోసం పరిగెత్తడం, డ్రోన్ ఎగరేయడం మాత్రం నా దగ్గర కుదరదు. అవి అక్కడ కూర్చుంది తిన్నది అరిగి కొవ్వు పట్టడానికి. మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది.

జనవరిలో నీటిపక్షుల లెక్క ఉంటుంది. 1987 నుంచి ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ పేరుతో ఏటా జరుగుతోంది. మీ సెలవులు కలిసొస్తే దానికీ వెళ్దాం. పాత చెప్పులు తెచ్చుకోండి, బురద పిక్కల దాకా వస్తుంది. తెల్ల చొక్కాలు వద్దు. బైనాక్యులర్స్ రెండున్నాయి, స్టాండు మీద పెట్టి చూసే స్కోప్ ఒకటే. వంతులేసుకోవాలి, ముందు చిన్నది చూస్తుంది. స్టాండు దాని ఎత్తుకి దించితే మీరంతా వంగి చూడాల్సిందే, గొణగొద్దు.

అమ్మకీ నాన్నకీ అడిగానని చెప్పండి.

మీ
తాతయ్య