ఎర్లీగా అప్లై చేస్తే సీటు వస్తుందా? ఈ బయానా పద్ధతి ఎక్కడ మొదలైందంటే

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో మన తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, ఈడీ వేస్తున్నారా, ఈఏ వేస్తున్నారా, అసలు ముందే వేస్తే సీటు ఈజీగా వస్తుందంటగా అని. మనమంతా ఎంసెట్ రాసి వచ్చిన బ్యాచ్ కదా, మన బుర్రకి ఇది ఒక పట్టాన ఎక్కదు. అక్కడ వెబ్ ఆప్షన్లు మొదటి రోజు పెట్టినా చివరి రోజు అర్ధరాత్రి పెట్టినా ర్యాంకు ర్యాంకే, ముందొచ్చాడని ఎవడికీ ఒక్క సీటు కూడా ఎక్కువ ఇవ్వరు. ఇక్కడ ర్యాంకు అనేదే లేదు, అందుకే వేరే లెక్కలు వచ్చి కూర్చున్నాయి.

ముందు ఒక మాట. ఎర్లీ అంటే "తొందరగా" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. నవంబర్ 1 డెడ్‌లైన్ అయితే సెప్టెంబర్‌లో పంపినా అక్టోబర్ 31న పంపినా ఒకటే. ఎర్లీ డెసిషన్ (ఈడీ) అంటే ఒకే కాలేజీకి మాట ఇవ్వడం, సీటిస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకుని అక్కడే చేరాలి. ఎర్లీ యాక్షన్ (ఈఏ) అంటే జవాబు ముందే వస్తుంది కానీ చేరాలో వద్దో మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ లాంటివి మధ్యలో ఇంకోటి పెట్టాయి, చేరమని కట్టిపడెయ్యరు కానీ ఇంకో ప్రైవేట్ కాలేజీకి మాత్రం ఎర్లీ వెయ్యకూడదు. మన భాషలో చెప్పాలంటే ఈడీ అనేది స్థలానికి బయానా ఇవ్వడం, ఈఏ అనేది ఊరికే వెళ్ళి స్థలం చూసి రావడం.

ఈ బయానా ఎవరి అవసరం కోసం పుట్టిందో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాలేజీకి వెళ్ళేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు, ఒక్కో పిల్లాడు నాలుగైదు చోట్ల అప్లై చెయ్యడం మొదలుపెట్టాడు, దాంతో సీటిచ్చినవాళ్ళలో ఎంతమంది నిజంగా వస్తారో కాలేజీకే తెలియని పరిస్థితి. 1950ల్లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళు తమకి ఎప్పుడూ పిల్లల్ని పంపే ఎక్సెటర్, ఆండోవర్ లాంటి పెద్దింటి బోర్డింగ్ స్కూళ్ళకి వెళ్ళి, పిల్లలకి ముందుగానే ఏ, బీ, సీ అని గ్రేడ్లు ఇచ్చేసేవాళ్ళు. ఏ అంటే దాదాపు ఖాయం, బీ అంటే చూద్దాం, సీ అంటే ఆశ పెట్టుకోకు అని. బయట గవర్నమెంట్ స్కూల్లో చదివేవాడికి ఈ సంగతే తెలీదు! అదే టైంలో న్యూ ఇంగ్లండ్‌లోని చిన్న కాలేజీలూ, కొన్ని ఆడపిల్లల కాలేజీలూ, ఈ పెద్దవాళ్ళు మంచి పిల్లల్ని ఎగరేసుకుపోకముందే మన దగ్గరికి రావాలని మనసున్నవాళ్ళని కట్టేసుకుందాం అని ఎర్లీ డెసిషన్ మొదలుపెట్టాయి. అంటే ఇది మొదట్లో బలహీనుడి ఎత్తు అన్నమాట.

అసలు ఆట 1980ల్లో మొదలైంది. బేబీ బూమ్ (యుద్ధం తర్వాత పిల్లలు బాగా ఎక్కువగా పుట్టిన కాలం) అయిపోయి కాలేజీ వయసు పిల్లలు తగ్గిపోయారు, పైగా 1983లో యూఎస్ న్యూస్ మ్యాగజైన్ కాలేజీలకి ర్యాంకింగులు ఇవ్వడం మొదలెట్టింది. అందులో ఎంతమందిని రిజెక్ట్ చేశారు, సీటిచ్చినవాళ్ళలో ఎంతమంది చేరారు (దీన్నే యీల్డ్ అంటారు) అన్నవి కూడా లెక్కలోకి వచ్చాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క, నేనే ఊహించి వేస్తున్నది. ఒక కాలేజీకి 2,000 మంది కావాలి, అప్లికేషన్లు 20,000, యీల్డ్ 40 శాతం. అందరినీ రెగ్యులర్‌లోనే (ఎర్లీ కాని మామూలు రౌండ్) తీసుకుంటే 5,000 మందికి సీటివ్వాలి, అంటే యాక్సెప్టెన్స్ రేటు 25 శాతం. అదే 1,000 మందిని ఈడీలో నింపేస్తే వాళ్ళు దాదాపు అందరూ వస్తారు, మిగతా 1,000 కోసం 2,500 మందికి ఇస్తే చాలు, మొత్తం 3,500, రేటు 17.5 శాతానికి పడిపోయింది. టీచర్లు మారలేదు, లైబ్రరీ మారలేదు, పిల్లల తెలివీ అంతే, కానీ కాలేజీ పేపర్ మీద గొప్పదైపోయింది. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా ఈ దారిలో బాగా ముందుకెళ్ళింది, 1990లు అయిపోయేసరికి క్లాసులో సగానికి దగ్గరగా ఈడీ వాళ్ళే.

1995-96లో యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ కూడా ఈడీలోకి దిగాక ఇక ఎవరికీ ఆగే పరిస్థితి లేదు. 2001లో జేమ్స్ ఫాలోస్ అనే జర్నలిస్ట్ అట్లాంటిక్ మ్యాగజైన్‌లో దీన్ని ఉతికి ఆరేశాడు, ఆ డిసెంబర్‌లోనే యేల్ ప్రెసిడెంట్ రిచర్డ్ లెవిన్ అందరం కలిసి ఆపేస్తే బాగుంటుంది అన్నాడు. అందరూ కలిసి అనేదే కదా చిక్కు, ఒక్కడే ఆపితే వాడి పిల్లల్ని పక్కవాడు పట్టుకుపోతాడు. నార్త్ కెరొలైనా (చాపెల్ హిల్) 2002లో ఈడీ తీసేసింది, యేల్, స్టాన్‌ఫర్డ్ అదే ఏడాది కట్టిపడేసే పద్ధతి మానేస్తామని చెప్పాయి.

నిజంగా ఛాన్సులు పెరుగుతాయా అన్న ప్రశ్నకి గట్టి జవాబు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. కాలేజీల వాళ్ళేమో "లేదండీ, ఎర్లీలో వేసేవాళ్ళు అసలే స్ట్రాంగ్ స్టూడెంట్స్, అందుకే రేటు ఎక్కువ కనిపిస్తుంది" అనేవాళ్ళు. క్రిస్టఫర్ ఏవరీ, ఆండ్రూ ఫెయిర్‌బ్యాంక్స్, రిచర్డ్ జెక్‌హౌసర్ అనే ముగ్గురు 14 పెద్ద కాలేజీల ఐదేళ్ళ రికార్డులు, 5 లక్షలకి పైగా అప్లికేషన్లు ముందేసుకుని, ఒకే రకం మార్కులున్న పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఎర్లీ వెయ్యడం అంటే శాట్‌లో (ఇక్కడి కాలేజీ ఎంట్రన్స్ లాంటి పరీక్ష) సుమారు 100 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నంత పని అని తేలింది. 2003లో పుస్తకంగా కూడా వచ్చింది. తర్వాత 2010లో అదే ఏవరీ, జోనథన్ లెవిన్ అనే ఎకనామిస్ట్‌తో కలిసి, మా కాలేజీ అంటే నిజంగా ఇష్టమున్న పిల్లాడెవడో కనిపెట్టడానికి కాలేజీకి ఎర్లీ ఎలా పనికొస్తుందో రాశాడు. ఈ జోనథన్ ఎవరో కాదు, యేల్ ప్రెసిడెంట్ రిచర్డ్ లెవిన్ కొడుకే, 2024 నుంచి స్టాన్‌ఫర్డ్ ప్రెసిడెంట్. నాన్న ఆపేద్దాం అన్నదాని మీద కొడుకు థియరీ కట్టాడు, ఇప్పుడు ఎర్లీ ఉన్న కాలేజీకే పెద్ద. నాకైతే భలే నవ్వొచ్చింది.

2006లో హార్వర్డ్ ధైర్యం చేసి ఎర్లీ మొత్తం ఎత్తేస్తున్నాం అంది, ఉన్నోడికే ఇంకా లాభం చేస్తోంది ఇది అని. ప్రిన్స్‌టన్, వర్జీనియా యూనివర్సిటీ వెంటనే కలిశాయి. మిగతావాళ్ళు మాత్రం కదల్లేదు. నాలుగైదేళ్ళు చూసి 2010 చివర్లో వర్జీనియా, 2011 ఫిబ్రవరిలో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ మళ్ళీ ఎర్లీకే వచ్చేశాయి.

ఇక ఈ మధ్య అంకెలు. 2024లో చేరిన బ్యాచ్‌కి హార్వర్డ్ ఎర్లీలో 7,921 మందిలో 692 మందిని తీసుకుంది, 8.7 శాతం, మిగతా రౌండ్‌లో 2.7 శాతం. డార్ట్‌మత్ ఈడీలో 17 శాతం, మొత్తం మీద చూస్తే 5 శాతం చిల్లర. ఇది చూసి మూడు రెట్లు ఛాన్స్ అని ఎగిరిపోకండి, ఆ ఎర్లీ గుంపులో కోచ్ ముందే మాట్లాడుకున్న ఆటగాళ్ళు, తల్లో తండ్రో అక్కడే చదివినవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళని తీసేసి చూస్తే తేడా తగ్గుతుంది. తగ్గుతుంది అంతే, పోదు, ముఖ్యంగా ఈడీ ఉన్నచోట. నా ఉద్దేశంలో ఎంఐటీ లాంటి కట్టిపడెయ్యని ఈఏలో ముందు వేసినందుకు పెద్దగా ఒరిగేదేం లేదు, అక్కడ నువ్వు బయానా ఏం ఇవ్వలేదుగా.

బయానా అన్నాక కొనేవాడికి బేరం ఆడే ఛాన్స్ పోతుంది, గొడవంతా దాని మీదే. నాలుగు కాలేజీల ఫైనాన్షియల్ ఎయిడ్ లెటర్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సినవాడు ఈడీ ఎలా వేస్తాడు? సరిపడా ఎయిడ్ రాకపోతే తప్పుకోవచ్చని రూల్ ఉంది కానీ ఆ మాట విని ధైర్యం చేసేవాళ్ళు తక్కువ. మన హెచ్4 పిల్లల (అమ్మానాన్నల హెచ్1బీ వర్క్ వీసా మీద ఆధారపడి ఉన్నవాళ్ళు) సంగతి ఇంకా ఘోరం, ఫెడరల్ ఎయిడ్ రాదు, చాలా చోట్ల ఇంటర్నేషనల్ కింద లెక్కేస్తారు, ఇక్కడే ఎల్‌కేజీ నుంచి చదివినా సరే.

2019లో ప్రభుత్వ న్యాయశాఖ ఒత్తిడితో అడ్మిషన్ కౌన్సిలర్ల సంఘం తన రూల్స్ కొన్ని కొట్టేసింది, ఈడీ వాళ్ళకి మాత్రమే స్పెషల్ ఆఫర్లు ఇవ్వకూడదు అన్నది అందులో ఒకటి. 2023లో వర్జీనియా టెక్ ఈడీ తీసేస్తే, 2025లో మిషిగన్ యూనివర్సిటీ కొత్తగా పెట్టింది. అదే ఏడాది, అంతకుముందు ఒక స్టూడెంట్ ఈడీ మాట తప్పినందుకు టులేన్ యూనివర్సిటీ ఆ హైస్కూల్ మొత్తానికి ఏడాది పాటు ఈడీ మూసేసింది. ఆగస్టులో 32 కాలేజీల మీద, కామన్ యాప్ (ఒకే ఫారంతో చాలా కాలేజీలకి అప్లై చేసే వెబ్‌సైట్) మీద కూడా కేసు పడింది, అందరూ కలిసి ఒకరి ఈడీ పిల్లల్ని ఒకరు ముట్టుకోకుండా ఉండి ఫీజులు పెంచుతున్నారని.

మనవాళ్ళు ఎక్కువగా వేసే స్టేట్ యూనివర్సిటీల కథ మళ్ళీ వేరు. కాలిఫోర్నియా యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) ఎర్లీ అనేదే లేదు, నవంబర్ చివరికి అందరూ ఒకేసారి. జార్జియా టెక్ అయితే సొంత స్టేట్ పిల్లలకి ఒక ఎర్లీ, బయటివాళ్ళకి ఇంకో ఎర్లీ. పర్డ్యూ, ఇల్లినాయ్ లాంటి చోట కంప్యూటర్ సైన్స్ కావాలంటే నవంబర్ 1 దాటనివ్వకండి, అక్కడ ఈఏ ఫ్రీగా ఉన్నప్పుడు వదులుకోవడం ఎందుకు. ఇక ఇండియా నుంచి ఎంఎస్‌కి వచ్చే పిల్లలకి "ముందు" అనేది నిజంగానే ముందే, రోలింగ్ అడ్మిషన్ (వచ్చిన అప్లికేషన్ వచ్చినట్టే చూసి జవాబివ్వడం) ఉన్నచోట ఎంత త్వరగా వేస్తే అంత త్వరగా ఐ20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం), దాని వెనకే వీసా స్లాట్.

ఈడీ ఫారం మీద పిల్లాడి సంతకంతో పాటు పేరెంట్ సంతకం, స్కూల్ కౌన్సిలర్ సంతకం కూడా పెట్టాలి. మా ఇంట్లో ఆ కాగితం వారం రోజులు డైనింగ్ టేబుల్ మీదే ఉంది, మా ఆవిడ రోజూ కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (ఎయిడ్ పోగా మనం ఎంత కట్టాలో అంచనా చెప్పేది) తీసి మన జీతాలు కొట్టి చూడడం, మూసెయ్యడం. చివరికి ఈఏలే వేశాం, ఐదు చోట్ల.