కారు మన్నిక, కంపెనీ మీద నమ్మకం: అపోహలు - వాస్తవాలు

కార్లకు మరమ్మతులు చేయడం, పాత కారు కొనదలచిన వారి తరఫున ఆ కారును పరీక్షించి చెప్పడం నా వృత్తి. బానెట్ ఎత్తకముందే నాకు యజమాని అభిప్రాయం వినిపిస్తుంది. ఫలానా కంపెనీ బండిని కళ్లు మూసుకుని కొనవచ్చని ఒకరు అంటారు, అదే కంపెనీ షోరూమ్ గడప మళ్లీ తొక్కనని ఇంకొకరు అంటారు. ఇద్దరి అనుభవమూ నిజమే. ఆ అనుభవం నుంచి వారు తీసే తీర్మానంలోనే ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఆ తీర్మానం మీదే ఖర్చవుతుంది కాబట్టి, తరచుగా వినే కొన్ని అపోహల గురించి వివరంగా రాయడం అవసరమనిపించింది.

అపోహ: మంచి పేరున్న కంపెనీ కారు చెడిపోదు.

మన్నిక అనేది ఒక కంపెనీ తయారుచేసే కార్లన్నిటికీ ఒకే మోతాదులో ఉండదు. అది ఒక ఇంజన్‌ను బట్టి, దానికి జత చేసిన గేర్‌బాక్సును బట్టి, ఆ రెండూ తయారైన సంవత్సరాన్ని బట్టి మారుతుంది. 2015 సెప్టెంబరులో హ్యుందాయ్ అమెరికాలో సుమారు 4 లక్షల 70 వేల సొనాటా కార్లను వెనక్కి పిలిచింది. 2011, 2012 మోడళ్లలోని థీటా 2 అనే రకం ఇంజన్లను తయారుచేసేటప్పుడు రాలిన లోహపు రజను పూర్తిగా శుభ్రం కాకుండా లోపలే మిగిలిపోవడం అందుకు కారణం. అప్పట్లో చాలామంది దాన్ని ఆ కంపెనీ స్థాయికి నిదర్శనంగా చెప్పుకున్నారు. 2024 మే నెలలో, మన్నికకు మారుపేరుగా చెప్పుకునే టయోటా కూడా 2022, 2023 మోడళ్ల టండ్రా పికప్పులు, తన ఖరీదైన కార్ల బ్రాండ్ లెక్సస్‌కు చెందిన ఎల్‌ఎక్స్ కార్లు కలిపి సుమారు లక్షా రెండు వేల వాహనాలను అమెరికాలో వెనక్కి పిలవవలసి వచ్చింది. కారణం దాదాపు అదే: ఇంజన్ లోపల మిగిలిపోయిన లోహపు రజను.

ఆ రజను చేసే నష్టాన్ని ఇంజన్ విప్పి చూసిన వారికి వేరే చెప్పనవసరం లేదు. ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టుకూ దాన్ని మోసే బేరింగుకూ మధ్య ఉండే ఖాళీ వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ ఖాళీలో ఒత్తిడితో నిలిచే ఆయిల్ పొర మీదే షాఫ్టు తిరుగుతుంది. కంటికి ఆనని లోహపు నలుసు అక్కడ చేరినా మెత్తని బేరింగు మీద గీతలు పడతాయి, ఆ గీతల గుండా ఆయిల్ ఒత్తిడి జారిపోతుంది, ఇంజన్ అడుగు భాగం నుంచి టకటకమనే శబ్దం మొదలవుతుంది, చివరికి ఇంజన్ పట్టేస్తుంది. బానెట్ మీద ఏ కంపెనీ గుర్తు ఉన్నా ఈ వరుస మారదు.

అలాగని కంపెనీల మధ్య తేడా లేదనడం కూడా తప్పే. కొత్త సాంకేతికతను తొందరపడి వాడని కంపెనీలు, ఒకే ఇంజన్‌ను ఏళ్ల తరబడి చిన్న చిన్న మార్పులతో మెరుగుపరుచుకుంటూ వచ్చిన కంపెనీలు సగటున మెరుగైన కార్లను ఇస్తాయి. టయోటా, లెక్సస్ పేర్లు దశాబ్దాలుగా సర్వేల పై వరుసలో కనిపించడం యాదృచ్ఛికం కాదు. అయితే సగటు చెప్పేది ఆ కంపెనీ పని అలవాట్ల గురించి. మీరు కొనబోయే ఒక్క కారు గురించి హామీ అందులో ఉండదు.

అపోహ: వేరే కంపెనీ గుర్తు ఉంటే లోపల నాణ్యత కూడా వేరుగా ఉంటుంది.

ఈ అపోహకు చరిత్రలో చక్కని సమాధానం ఉంది. టయోటా, జనరల్ మోటార్స్ కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1984 నుంచి 2010 వరకు న్యూమీ అనే ఉమ్మడి కర్మాగారాన్ని నడిపాయి. అక్కడ టయోటా కరోలా, జియో ప్రిజమ్ ఒకే కప్పు కింద, అవే చేతుల మీదుగా తయారయ్యేవి. తర్వాతి కాలంలో ప్రిజమ్‌కు షెవ్రొలే పేరు తగిలించారు. రెండిటి నిర్మాణమూ, యంత్ర భాగాలూ చాలావరకు ఒకటే. అయినా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కరోలాకు వచ్చినంత ధర ప్రిజమ్‌కు వచ్చేది కాదు. ఆ తేడా కేవలం పేరు మీద ఉన్న నమ్మకానికి కట్టిన ధర. ఈ సంగతి తెలిసినవారు ప్రిజమ్ కొని కరోలా మన్నికను తక్కువ డబ్బుకు పొందారు.

ఒకే కర్మాగారం కాకపోయినా పరిస్థితి అంతకు చాలా భిన్నంగా ఉండదు. జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ రూపొందించిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్, ల్యాండ్ రోవర్ కార్లలో ఉంది. పరస్పరం పోటీపడే కంపెనీల అభిమానులు వాదించుకుంటున్నప్పుడు, చాలాసార్లు ఇద్దరి కార్లలోనూ ఒకే సరఫరాదారు ఇచ్చిన పంపులు, సెన్సర్లు, ఇంజెక్టర్లు ఉంటాయి. లోపం కూడా ఇదే దారిలో వ్యాపిస్తుంది. జపాన్ సంస్థ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో, వాటిని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేటు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై పాడవడం, ప్రమాద సమయంలో అవసరానికి మించిన శక్తితో పేలి లోహపు ముక్కలను కారులోకి విసరడం వల్ల ప్రాణాలు పోయాయి. ఆ ఎయిర్‌బ్యాగులు హోండా, టయోటా, బీఎండబ్ల్యూ, ఫోర్డ్, మాజ్డా సహా ఎన్నో కంపెనీల కార్లలో ఉన్నాయి. తకాటా 2017 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి కారు కొనేటప్పుడు కంపెనీ పేరుతో ఆగకుండా ఇంజన్ రకాన్ని తెలిపే కోడ్ ఏమిటో, గేర్‌బాక్సు ఏ రకమో అడిగి తెలుసుకోవాలి.

అపోహ: రీకాల్ చేశారంటే అది చెడ్డ కారు.

రీకాల్ అంటే లోపాన్ని గుర్తించి, ఉచితంగా సరిచేయడానికి కంపెనీ ఒప్పుకున్నట్టు లెక్క. భయపడవలసింది రీకాల్ వచ్చిన కారును చూసి కాదు, రీకాల్ పని చేయించుకోకుండా తిరుగుతున్న కారును చూసి. పాత కారు కొనే ముందు దాని ఛాసిస్ నంబరుతో పెండింగ్ రీకాల్ ఉందేమో చూడడానికి కొద్ది నిమిషాలు చాలు.

అపోహ: "నా బండి పదేళ్లుగా ఒక్కసారి కూడా మొరాయించలేదు" అంటే ఆ మోడల్ మంచిదని రుజువైనట్టే.

నేను ఎక్కువగా వినే మాట ఇదే, జాగ్రత్తగా వినవలసిన మాట కూడా ఇదే. యజమాని అబద్ధం చెప్పడు. కానీ ఇష్టమైన కంపెనీ కారు విషయంలో మనసు లెక్క వేసే పద్ధతి వేరుగా ఉంటుంది. పరీక్షకు వచ్చిన ఒక కారు యజమాని, ఆయిల్ మార్చడం తప్ప ఖర్చే లేదని నమ్మకంగా చెప్పారు. సర్వీసు ఫైలు తెరిస్తే ముందు చక్రాల లోయర్ ఆర్మ్‌లు, ఏసీ కంప్రెసర్, రేడియేటరు, ఆల్టర్నేటరు మార్చిన బిల్లులు వరుసగా ఉన్నాయి. వాటిని చూపిస్తే, అవి రిపేర్లు కావని, వయసుతో వచ్చే మామూలు అరుగుదల అని ఆయన జవాబు. అది నిజాయితీతో చెప్పిన జవాబే. అవే బిల్లులు ఆయనకు నచ్చని కంపెనీ కారుకు వచ్చి ఉంటే, ఆ కారును అమ్మేయడానికి ఆయనకు అవే కారణాలయ్యేవి.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. పదిహేనేళ్లు నడిచిన కార్ల యజమానులే తమ కారు గురించి గర్వంగా చెబుతారు. ఏడో ఏట గేర్‌బాక్సు పోయి తుక్కుకు వెళ్లిన కారు గురించి చెప్పడానికి పదిహేనో ఏట ఎవరూ మిగలరు. రోడ్డు మీద కనిపించే పాత కార్లను చూసి ఆ మోడల్ మన్నికను అంచనా వేయడంలో ఇదే లోపం ఉంది.

అయితే యజమానుల అనుభవాన్ని పక్కన పెట్టమని నేను చెప్పను. సరైన ప్రశ్నలు అడిగితే దానికి మించిన ఆధారం లేదు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎక్కువగా నగరంలోనా లేక హైవే మీదా, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్సు, ఏ భాగాన్ని ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు? ఈ వివరాలతో మాట్లాడే పది మంది యజమానులు ఒకే భాగం గురించి ఫిర్యాదు చేస్తే నేను ఆ మాటను నమ్ముతాను. వివరాలు లేని వంద ప్రశంసలూ, వంద తిట్లూ నాకు పనికిరావు.

అపోహ: సర్వేలో మొదటి ర్యాంకు వచ్చిందంటే ఆ కారుకు ఖర్చు ఉండదు.

సర్వే ఏమి కొలుస్తుందో ముందు చూడాలి. జే.డి. పవర్ సంస్థ మన్నిక అధ్యయనం మూడేళ్ల వయసున్న కార్ల యజమానులను అడిగి, 100 వాహనాలకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కగడుతుంది. అదే సంస్థ చేసే తొలి నాణ్యత అధ్యయనం కొన్న మొదటి 90 రోజులకే పరిమితం. ఇంజన్ లోపలి భాగాల కదలికలను ఒకదానితో ఒకటి జతపరిచే టైమింగ్ చెయిన్ ఎనిమిదో ఏట ఎలా ఉంటుందో ఈ రెండూ చెప్పలేవు. పైగా ఇటీవలి ఏళ్లలో ఈ లెక్కల్లో అత్యధిక సమస్యలు టచ్ స్క్రీన్, ఫోన్ అనుసంధానం వంటి వాటివే. స్క్రీన్ నిలిచిపోవడమూ, గేర్‌బాక్సు నిలిచిపోవడమూ సమస్యల లెక్కలో చెరొకటిగానే నమోదవుతాయి. అందుకే మొత్తం ర్యాంకును కాకుండా ఇంజన్, ట్రాన్స్‌మిషన్ విభాగాల వివరాలు ఎక్కడ దొరికితే అక్కడ వాటినే చదవడం మంచిది.

అపోహ: మంచి కారుకు పెద్దగా సంరక్షణ అవసరం లేదు.

నా దగ్గరికి వచ్చే పెద్ద మరమ్మతులలో ఎక్కువ భాగం ఈ నమ్మకం నుంచే పుడతాయి, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌ను జీవితాంతం మార్చనవసరం లేదని కొన్ని కార్ల కంపెనీలు తమ పుస్తకాల్లో రాస్తాయి. కానీ అలాంటి గేర్‌బాక్సులను రూపొందించే జెడ్‌ఎఫ్ సంస్థే, నడిపే తీరును బట్టి 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎక్కువలో ఎక్కువ ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమని చెబుతుంది. పుస్తకాన్ని నమ్మి లక్షన్నర కిలోమీటర్లు అదే ఆయిల్‌తో నడిపిన గేర్‌బాక్సు గేరు మారేటప్పుడు కుదుపు ఇస్తే, యజమాని కంపెనీని తిడతాడు. దాని ఆయిల్ తీసి చూస్తే నల్లబడి, మాడిన వాసన వస్తుంది. ఆ తప్పు సగం పుస్తకానిది.

ఇంజన్ ఆయిల్ విషయంలో గ్రేడును (ఆయిల్ చిక్కదనాన్ని) మించి స్పెసిఫికేషన్ (ఆ ఇంజన్‌కు కంపెనీ నిర్దేశించిన ఆయిల్ ప్రమాణం) ముఖ్యమైన ఇంజన్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యూజో, సిట్రొయెన్ కార్లలోని 1.2 ప్యూర్‌టెక్ వంటి ఇంజన్లలో, ముఖ్యంగా వాటి తొలి తరాల్లో, టైమింగ్ చెయిన్ పనే చేసే రబ్బరు టైమింగ్ బెల్టు ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. తప్పు రకం ఆయిల్ పోసినా, మార్చడం ఆలస్యం చేసినా బెల్టు ఉబ్బి, అంచులు రాలి, ఆ రబ్బరు ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి. అప్పుడు ఆయిల్ నిండుగా ఉన్నా పైకి చేరదు. మీటరులో ఆయిల్ దీపం వెలిగేసరికి లోపల నష్టం జరిగిపోయి ఉండవచ్చు.

బ్రేక్ ఆయిల్‌ను మాత్రం అన్ని కంపెనీల కార్ల యజమానులూ సమానంగా మరచిపోతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో ఒకటైన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, 3.7 శాతం నీరు కలిసిన ఆయిల్‌కు ఆ కనీస పరిమితి 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగుతూ ఉంటే వేడికి ఆయిల్ మరిగి, ఆవిరి బుడగల వల్ల బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి పోయే ప్రమాదానికి ఒక ముఖ్య కారణం ఇక్కడే ఉంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమని చెబుతాయి.

అపోహ: తక్కువ తిరిగిన కారే మంచి కారు.

ఎలా తిరిగిందన్నది ఎంత తిరిగిందన్నదానితో సమానంగా ముఖ్యం. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిచే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరై బయటికి పోదు, ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది. డీజిల్ కార్లలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాటి పొగగొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టరు, పట్టుకున్న మసిని సుమారు 600 డిగ్రీల వేడి వద్ద కాల్చేసుకోవాలి. అందుకు కొంతసేపు ఆగకుండా సాగే ప్రయాణం కావాలి. ఒకే డీజిల్ మోడల్‌ను హైవే మీద నడిపే యజమాని ఆకాశానికెత్తడం, వీధి చివరి దాకా నడిపే యజమాని తిట్టడం అందుకే. తక్కువ తిరిగిన పాత కారు కొనేవారు టైర్ల మీద ముద్రించిన కోడ్ చివరి నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైనట్టు. గాడి లోతుగా ఉన్నా రబ్బరు వయసు ఆగదు.

అపోహ: ఒకే కంపెనీని అంటిపెట్టుకుని ఉండడం తెలివితక్కువతనం.

అలా అనడం న్యాయం కాదు. ఆ కంపెనీ కార్లు బాగా తెలిసిన మెకానిక్ దగ్గరలో ఉండడం, విడిభాగాలు వెంటనే దొరకడం, అమ్మేటప్పుడు ధర నిలబడడం నిజమైన లాభాలు. వాటి కోసం అదే కంపెనీ కారును మళ్లీ కొనేవారికి నేను అడ్డు చెప్పను. పాత మోడల్ సంపాదించిన నమ్మకాన్ని, అదే పేరుతో వచ్చిన కొత్త తరానికి పరీక్షించకుండా బదిలీ చేయడం దగ్గరే జాగ్రత్త అవసరం. ఫోర్డ్ ఫియెస్టా, ఫోకస్ కార్లలో పవర్‌షిఫ్ట్ అనే డ్రై డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లతో గేర్లు తానే మార్చుకునేది) వచ్చినప్పుడు వాటిని కొన్నవారిలో పాత ఫోర్డ్‌ల మీద అభిమానంతో వచ్చినవారు ఎందరో ఉన్నారు. నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు, ఉన్నట్టుండి లాగుడు తగ్గిపోవడం వంటి ఫిర్యాదులు చాలా దేశాల్లో వచ్చాయి. ఆ ఫిర్యాదులతో వ్యవహరించిన తీరుకు 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు అక్కడి ఫోర్డ్ సంస్థకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. అదే పేరుతో, అదే ఏడాది మాన్యువల్ గేర్లతో కొన్నవారికి ఈ సమస్య లేదు. కనుక మీ పాత కారు పేరునే మళ్లీ కొంటున్నప్పుడు, ఇంజన్, గేర్‌బాక్సు రెండూ పాతవేనా, మారితే మార్కెట్లోకి వచ్చి ఎన్నేళ్లయింది, లక్ష కిలోమీటర్లు దాటిన కార్లు సర్వీసుకు ఏ పని మీద వస్తున్నాయి అనే మూడు ప్రశ్నలను షోరూమ్‌లో కాకుండా సర్వీసు సెంటరులో పని చేసేవారిని అడగండి.