విస్తరి వేసి లేపిన ఊరు

చిరంజీవులు అమ్మలుకీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మామ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది.

బుజ్జీ, మొన్న వీడియో కాల్‌లో నువ్వడిగావు కదా, "తాతయ్యా, మన ఊరి ఫుట్‌బాల్ జట్టు శాక్రమెంటో రిపబ్లిక్ ఎంత బాగా ఆడినా మెస్సీ ఆడే లీగ్‌లోకి ఎందుకు రానివ్వరు?" అని. మీ నాన్న "అదంతా బిజినెస్‌రా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మాట నిజమే కానీ ఒక్క ముక్కతో పిల్లల ఆకలి తీరదు. ఫోన్లో చెబితే తెగేది కాదని ఉత్తరం రాస్తున్నాను. అర్థం కానిచోట అక్కని అడుగు.

మీకు బఫే భోజనాలే తెలుసు. మా చిన్నప్పుడు పెళ్ళంటే తాటాకు పందిరి కింద చాపలు పరిచి, వరసగా విస్తళ్ళు వేసి, పంక్తి భోజనాలు పెట్టేవారు. మొదటి పంక్తిలో కూర్చోవాలని మాకు తెగ ఆరాటం. ఆ పంక్తికి గారెలు కరకరలాడుతూ వచ్చేవి. మూడో పంక్తి లేచే వేళకి పప్పులో నీళ్ళు పడేవి, పెరుగు మజ్జిగయ్యేది. ఒకసారి నేను ఎలాగో ముందు పంక్తిలో దూరాను. విస్తరి మీద నీళ్ళు చిలకరించి తుడుచుకున్నాను, ఓ మూల ఉప్పు, పక్కన ఆవకాయ ముక్క పడ్డాయి. అన్నం గంపతో మనిషి రెండు విస్తళ్ళ అవతల ఉన్నాడు. ఇంతలో ఎవరో పెద్దమనిషి వచ్చాడని నా రెక్క పట్టుకుని లేపేశారు. ఆ ఆవకాయ ముక్క, దాని చుట్టూ విస్తరి మీద ఊరిన ఎర్రటి నూనె ఇప్పటికీ నా కళ్ళకు కడతాయి.

మెస్సీ ఆడే మేజర్ లీగ్ సాకర్‌ని అలాంటి మొదటి పంక్తి అనుకో. అందులో ఇప్పుడు 30 విస్తళ్ళున్నాయి. ఎవడికి ఆకలి ఎక్కువని చూసి కూర్చోబెట్టరు. కొత్తవాడికి చోటివ్వాలా వద్దా అన్నది ముందే కూర్చున్నవాళ్ళంతా కలిసి తేలుస్తారు. ఇస్తే వాడు డబ్బు కట్టాలి, ఆ డబ్బుని పాతవాళ్ళు పంచుకుంటారు. 2007లో ఆట మొదలుపెట్టిన టొరొంటో కట్టింది 1 కోటి డాలర్లు. 2023లో శాన్ డియాగో కట్టింది 50 కోట్లు. అమ్మలూ, ఎన్ని రెట్లో తమ్ముడికి లెక్క వేసి చూపించు.

ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. పై పంక్తిలో వెనకబడ్డ మూడు జట్లని ఏటా లేపేస్తారు, కింద గెలిచిన మూడింటిని తెచ్చి ఆ చోట్లలో కూర్చోబెడతారు. లూటన్ అనే చిన్న ఊరి జట్టు 2014 దాకా ఐదో పంక్తిలో ఉండేది. గెలుచుకుంటూ గెలుచుకుంటూ 2023లో మొదటి పంక్తికి చేరింది, మరుసటి ఏడే లేచిపోయింది కూడా. వాళ్ళ స్టేడియంలోకి పొరుగూరి అభిమానులు వెళ్ళే దారి ఇళ్ళ వరస కిందనుంచి దూరి, జనం బట్టలారేసుకునే పెరళ్ళ మీదుగా పోతుంది. నాకైతే ఆ పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది. కానీ కోట్లు పోసి కూర్చున్నవాడు ఒక్క ఏడు సరిగ్గా ఆడలేదని లేచిపోతాడా చెప్పు? అమెరికాలో ఎవడూ లేవడు, అందుకే కిందివాడికి ఖాళీ దొరకదు.

2017 జనవరిలో ఇంకో నాలుగు విస్తళ్ళు వేస్తామంటే 12 ఊళ్ళు దరఖాస్తు పెట్టుకున్నాయి. మీ శాక్రమెంటో, సిన్సినాటి, నాష్‌విల్, డెట్రాయిట్, సెయింట్ లూయిస్, శాన్ డియాగో, షార్లట్ అన్నీ అందులో ఉన్నాయి. సిన్సినాటి జట్టు అప్పటికి కింది లీగ్‌లో ఆడుతున్నా, మ్యాచ్‌కి 20 వేల మంది వచ్చేవారు. ఆ జూన్‌లో దేశమంతటి జట్లు ఆడే ఓపెన్ కప్‌లో వాళ్ళు పై లీగ్ జట్టు షికాగోని పెనాల్టీల్లో ఓడించారు. ఆ రాత్రి 32 వేల మంది చూస్తుండగా వాళ్ళ గోలీ మూడు పెనాల్టీలు ఆపాడు. అయినా ముందు పిలుపు నాష్‌విల్‌కి వచ్చింది. ఎందుకంటే అక్కడి నగరపాలక మండలి నవంబర్‌లో స్టేడియానికి సరేనంది. డిసెంబర్‌లో పిలుపొచ్చింది. సిన్సినాటికి స్టేడియం సంగతి తేలాక, 2018 మేలో గాని రాలేదు.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని సామెత. ఇంగ్లండ్ ఆటగాడు బెక్‌హామ్ 2007లో ఈ లీగ్‌లో ఆడటానికి వచ్చినప్పుడే, ఎప్పుడైనా రెండున్నర కోట్లకే ఒక జట్టు కొనుక్కోవచ్చని ఒప్పందంలో రాయించుకున్నాడు. అందరూ 15 కోట్లు కడుతున్న 2018లో మయామి జట్టుని అలా దక్కించుకున్నాడు. నీ మెస్సీ ఆడేది అందులోనే.

సెయింట్ లూయిస్ కథ నాకు నచ్చుతుంది. 1950 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించిన అమెరికా జట్టులో ఐదుగురు ఆ ఊరివాళ్ళే. వాళ్ళలో గోలీ ఫ్రాంక్ బోర్గి, శవాల బండి తోలుకునేవాడు. అంత చరిత్ర ఉన్నా, స్టేడియానికి ఊరి డబ్బు 6 కోట్ల డాలర్లు ఇవ్వాలా అని 2017 ఏప్రిల్‌లో ఓటు పెడితే జనం వద్దన్నారు. ఆటంటే ఇష్టం లేక కాదు. తరవాత అద్దె కార్ల కంపెనీ నడిపే స్థానిక కుటుంబం ముందుకొచ్చింది, 2019లో పిలుపొచ్చింది. 2023లో దిగీ దిగగానే వరసగా ఐదు మ్యాచ్‌లు గెలిచారు. ముందే తొందరపడి ఊరి సొమ్ము పోయనందుకు వాళ్ళకేం తక్కువైంది?

కూర్చున్న విస్తరినే ఎత్తుకుపోబోయిన సంగతీ ఉంది. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ జట్టు 1996లో లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నది. దాని యజమాని 2017లో జట్టుని ఆస్టిన్‌కి తీసుకుపోతానన్నాడు. జనం బోర్డులు పట్టుకుని వీధిలోకి వచ్చారు. ప్రజల డబ్బు తిన్న జట్టు చెప్పాపెట్టకుండా వెళ్ళకూడదని ఒహాయోలో పాత చట్టం ఒకటుంది. రాష్ట్రం దాన్ని పట్టుకుని కోర్టుకెక్కింది. చివరికి వేరే కుటుంబాలు జట్టుని కొనుక్కుని అక్కడే ఉంచాయి, ఆస్టిన్‌కి కొత్త విస్తరి వేశారు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ అదృష్టం అలా లేదు. పుణె జట్టు చోటులో 2019లో వచ్చింది, 2022లో కప్పు గెలిచింది, 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయింది. కోచ్ రహీం సాబ్ రోజుల్లో హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా రోవర్స్ కప్ కొట్టింది. ఆ పోలీసులని ఎవడు కొని ఢిల్లీ తీసుకుపోతాడు!

ఇక మీ ఊరు. 2014లో తొలి ఇంటిమ్యాచ్‌కే 20 వేల పైచిలుకు జనం, ఆ ఏడే టైటిల్. 2019 అక్టోబర్ 21న పిలుపొచ్చింది, 20 కోట్లు కట్టాలన్నారు. విస్తరి వేశారు, నీళ్ళు చల్లారు. 2021 ఫిబ్రవరిలో డబ్బు పెడతానన్న పెద్దమనిషి రాన్ బర్కిల్ తప్పుకున్నాడు. అంతే, ఊరినే లేపేశారు. చివరికి ముప్ఫయ్యో చోటు శాన్ డియాగోకి పోయింది.

2022లో ఏమైందో అమ్మలుకి గుర్తుండే ఉంటుంది. ఓపెన్ కప్‌లో మీ రిపబ్లిక్ వాళ్ళు శాన్ హోసేని ఓడించారు, లాస్ ఏంజెలెస్ గ్యాలక్సీని ఓడించారు, కాన్సాస్ సిటీని పెనాల్టీల్లో ఓడించారు. ముగ్గురూ మొదటి పంక్తివాళ్ళే. ఫైనల్లో ఓర్లాండో చేతిలో 3-0తో ఓడిపోయారనుకో. అంత చేసినా ఎవడూ జరిగి చోటివ్వలేదు. డబ్బుతో కొనే చోటుకీ మైదానంలో గెలిచే గెలుపుకీ సంబంధం లేకుండా పోయిందిరా బుజ్జీ, నీ ప్రశ్నకి జవాబు అదే. అంతమాత్రాన గెలుపు చిన్నదైపోదు. పరీక్షలప్పుడు ఈ మాట మీ నాన్నకి గుర్తు చెయ్యి.

2024లో విల్టన్ రాంచెరియా అనే అక్కడి ఆదివాసీ తెగ ఆ జట్టులో పెద్ద వాటా తీసుకుంది. పాత రైల్వే యార్డుల దగ్గర 12 వేల సీట్లతో స్టేడియం కడతామన్నారు. నాన్నని అడిగి ఆ స్థలం చూసి రండి. పక్కనే రైల్వే మ్యూజియం ఉంది, అదీ చూడండి.

పైకి పోయే దారి లేదని తెలిసి కూడా అన్ని వేలమంది డ్రమ్ములు కొట్టుకుంటూ ఎందుకు వస్తారని మాత్రం నన్నడక్కు, నాకూ వింతగానే ఉంది. మీ జట్టు ఆడే కాల్ ఎక్స్‌పోలో ఈసారి మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు, పక్కన నా వయసువాళ్ళెవరైనా కూర్చుంటే, ఎన్నేళ్ళుగా వస్తున్నారో, ఎందుకొస్తున్నారో మర్యాదగా అడగండి. ఏం చెప్పారో తెలుగులో రాసి పంపండి. తప్పులున్నా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ తాతయ్య