మామిడి పిందెకు స్కాట్లాండ్ ఊరి పేరు

2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా మగవాళ్ల దుస్తుల షో జరిగింది. మోడల్స్ కాళ్లకున్నవి మనం చూడగానే గుర్తుపట్టే కొల్హాపురి చెప్పులు. ప్రాడా మాత్రం వాటిని తోలు చెప్పులు అని చెప్పి ఊరుకుంది. కొల్హాపూర్ పేరు లేదు, ఇండియా పేరూ లేదు. గొడవ ముదిరి, మహారాష్ట్ర వాణిజ్య మండలి ఉత్తరం రాశాకే భారతీయ చేతిపనే తమకు ప్రేరణ అని ఒప్పుకుంది.

చాలామందికి ఇది కొత్త అన్యాయంలా అనిపించింది. కానీ మన తూర్పు తీరం దీన్ని మూడొందల ఏళ్ల కిందటే చూసింది.

మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టలంటే 17వ శతాబ్దపు యూరప్‌కు పిచ్చి. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోకపోవడం వాళ్లకు అంతుపట్టలేదు. సొంత నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో ఈ బట్టలను నిషేధించింది. మోజు మాత్రం తగ్గలేదు. అందుకే గుట్టు తెలుసుకునే పని మొదలైంది.

1742లో ఫాదర్ కెర్దూ అనే ఫ్రెంచ్ జెస్యూట్ (క్రైస్తవ మతగురువు) ఇక్కడి నుంచి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చి, తెలుగు–ఫ్రెంచ్–సంస్కృత నిఘంటువు కూర్చిన పండితుడాయన. తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లను పలుమార్లు, విడివిడిగా అడిగి, మాటకు మాట సరిచూసుకుని మరీ రాశాడు. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ఎందుకు నానబెట్టాలో అందులో ఉంది. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత పాకకుండా గీసినచోటే నిలుస్తుంది. పటిక నీళ్లతో గీసినచోట బట్ట మీద దాదాపు ఏమీ కనిపించదు. చిరివేరు అనే రంగు వేరు వేసి మరిగించాక అక్కడే ఎరుపు తేలుతుంది. ఎన్ని తరాలు చేతులు కాల్చుకుంటే పట్టుబడిన విద్య ఇది! ఉత్తరం పారిస్‌లో అచ్చయింది. చెప్పినవాళ్ల పేరు ఒక్కటీ అందులో లేదు.

1759లో నిషేధం ఎత్తేశారు. మరుసటి ఏడాదే ఓబెర్‌కాంఫ్ పారిస్ దగ్గర జూయీ అనే ఊళ్లో అద్దకం కార్ఖానా పెట్టాడు. ‘జూయీ బట్ట’ అని ఆ ఊరి పేరు ఇవాళ్టికీ ఫ్యాషన్‌లో మోగుతోంది. కశ్మీర్ శాలువాదీ అదే కథ. దాన్ని అనుకరించి నేసిన స్కాట్లాండ్ ఊరు పెయిస్లీ. మన చీర అంచు మీది మామిడి పిందెను ప్రపంచం ఆ ఊరి పేరుతోనే పిలుస్తోంది. మన షాపుల్లోనూ ‘పెయిస్లీ ప్రింట్’ అంటుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

అరువు తెచ్చుకోవడాన్ని నేను తప్పు పట్టను. ఆ రోజుల్లో యూరప్ వర్తకులు నమూనాలు పంపేవాళ్లు. మన పనివాళ్లు వాటిలో పర్షియా పూలూ, తమ సొంత చేతివాటమూ కలిపి కొత్త డిజైన్లు పుట్టించారు. నిజంగా అది రెండు వైపులా నడిచిన భాగస్వామ్యం. కానీ చరిత్రలో కంపెనీల పేర్లు, కార్ఖానాల పేర్లు నిలిచాయి. కలం పట్టినవాడు ‘స్థానిక పనివాడు’గా మిగిలిపోయాడు.

కొల్హాపురి చెప్పులకు 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి, పోచంపల్లి ఇక్కత్‌కు అంతకు చాలా ముందే ఉంది. అయితే జీఐ ముఖ్యంగా కాపాడేది పేరును. పేరే వాడకుండా రూపం మాత్రం తీసుకుంటే దాని బలం తగ్గిపోతుంది. ప్రాడా మీద వేసిన ప్రజాహిత వ్యాజ్యాన్ని (పిల్) బాంబే హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది.

అదే ఏడాది డిసెంబర్‌లో ప్రాడా మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమ సంస్థలతో ఒప్పందం చేసుకుంది. అక్కడి పనివాళ్లతో 2,000 జతలు చేయిస్తామని, జత సుమారు 800 యూరోలని చెప్పింది. పని దొరకడం మంచిదే. ఆ పెట్టెలో చెప్పులు కుట్టిన మనిషి పేరు, ఊరు రాసిన చీటీ కూడా పెట్టమని ఇప్పుడే గట్టిగా అడగాలి.