తగవుకు మూలం తిత్లీ నాటి లెక్క

నష్టాల జాబితా ఊళ్లో గోడకు అంటించగానే, తోటలు సాగుచేసిన కౌలురైతులు తమ పేర్లు ఏవని అడగడం శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరి, జీడితోటల సీమ ఉద్దానంలో ప్రతి తుపాను తరువాతా జరుగుతున్నదే. ఇప్పుడు అదే తగవు మళ్లీ రాజుకుంది. పైలిన్, హుద్‌హుద్ తుపానుల సంగతులు అందరికీ తెలిసినవే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత పరిహారానికి కట్టిన లెక్క దగ్గర ఆగి చూస్తేనే నేటి తగవు అర్థమవుతుంది.

కొబ్బరికి చెట్టు ఒక్కింటికి 1,500 రూపాయలు, జీడికి హెక్టారుకు 30,000 రూపాయలు అని నాటి ప్రభుత్వం నిర్ణయించగా, 2019లో వచ్చిన ప్రభుత్వం వాటిని 3,000కు, 50,000కు పెంచింది. రాజకీయ వాదోపవాదాలన్నీ ఆ రేటు చుట్టూనే తిరిగాయి. చెట్టును లెక్కించి పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాలో సొమ్ము వేసే పద్ధతిలో, ఆ చెట్టు నీడన అంతరపంట వేసుకుని కౌలు కట్టినవాడు, కాయ దింపి కూలి తెచ్చుకున్నవాడు, పలాస బట్టీల్లో జీడిపిక్కలు కొట్టి వేళ్లు నల్లబడిన ఆడవాళ్లు ఏ గడిలో చేరాలో చెప్పినవారు లేరు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లయినా పడుతుంది. అన్నాళ్లూ యజమానికి పరిహారమైనా ఆసరా, కూలికి వలస బండే దిక్కు. భూమి కాగితం లేనివారిలో దళితులు, మత్స్యకారులు, కొండవాలున పోడు చేసుకునే సవరలు ఎక్కువ కనుక, కులం పేరెత్తకుండానే ఆ లెక్క కులాన్ని బట్టి పనిచేసింది.

ఇలాంటి లెక్క మనకొక్కరికే దాపురించింది కాదు. అమెరికాలో 2005 నాటి కత్రినా తుపాను తరువాత లూసియానా రాష్ట్రం ఇళ్లకిచ్చిన సాయాన్ని, తిరిగి కట్టుకోవడానికయ్యే ఖర్చు, తుపానుకు ముందున్న ఇంటి ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని ప్రకారం లెక్కగట్టింది. నల్లజాతివారి పేటల్లో ఇళ్ల ధరలు ముందునుంచీ తక్కువే కాబట్టి, అదే నష్టానికి వారికి తక్కువ సొమ్ము దక్కింది. వివక్ష అంటూ కోర్టుకెక్కిన ఆ వ్యవహారం 2011లో రాజీతో ముగిసింది.

మన దగ్గర మాత్రం దారి మరింత ఇరుకైంది. 2011 నాటి సాగుదారుల చట్టాన్ని తీసివేసి 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద, పరిహారం అందడానికి ఆధారమయ్యే పదకొండు నెలల సాగుదారు కార్డు కావాలన్నా భూయజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం యజమానిది. అడిగితే వచ్చే ఏడాది కౌలు దక్కదేమోనన్న భయం సాగుదారుది. అందుకే ఒప్పందాలు నోటిమాటతోనే సాగుతున్నాయి.

ప్రజాధనం ఇవ్వాలంటే ఆధారం ఉండాలని, తిత్లీ జాబితాల్లోకి అనర్హులు చొరబడ్డారన్న ఫిర్యాదులు మరువలేదని అధికారులు అంటారు. ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఆ ఆధారం సాగుదారు తెచ్చుకోలేని యజమాని సంతకమే ఎందుకు కావాలి? ఏ తోటను ఎవరు చేస్తున్నారో ఊరందరికీ తెలుసు గనుక, తుపానుల కాలానికి ముందే గ్రామసభలో సాగుదారుల పేర్లు చదివి నమోదు చేయాలని కౌలురైతులు కోరుతున్నారు. ఆ కోరికకు ఇంతవరకు సూటి సమాధానం రాలేదు.