పాప్ పాటకు గొంతొక్కటే చాలా? అల్లా పుగచోవా చెప్పే జవాబు: అపోహలు – వాస్తవాలు

నేను పాట నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. మొదట్లో లలిత సంగీతం కోసం వచ్చేవాళ్లు, ఇప్పుడు ఎక్కువమంది స్టేజ్ మీద పాడాలనే వస్తున్నారు. పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఈ రంగం గురించి కొన్ని గట్టి నమ్మకాలుంటాయి. వాటికి నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకే మనిషి జీవితం. ఆవిడ రష్యా గాయని అల్లా పుగచోవా. మా పెదనాన్న మాస్కోలో ఇంజినీరింగ్ చదివి వస్తూ మెలోదియా కంపెనీ రికార్డులు నాలుగు తెచ్చారు. నేను మొదట విన్నది వాటిలోనే. ఆయన పక్కన కూర్చుని ఒక్కో లైనుకీ అర్థం చెబుతుంటే విన్నాను.

అపోహ: పాప్‌కి చదువు అక్కర్లేదు, గొంతు బాగుంటే చాలు.

పుగచోవా 1949 ఏప్రిల్ 15న మాస్కోలో పుట్టారు. చిన్నప్పుడే పియానో నేర్చుకున్నారు. తర్వాత ఇప్పొలీతొవ్-ఇవానొవ్ సంగీత కళాశాలలో చేరారు. అక్కడ చదివింది పాప్ కాదు, బృందగానాన్ని నడిపించే విద్య. ఇరవై మంది కలిసి పాడుతుంటే శ్రుతి తప్పిందెవరో పట్టుకునే చెవి ఆ చదువుతో వస్తుంది.

"ఇంకెన్ని నెలలు మేడమ్, స్టేజ్ ఎప్పుడు ఎక్కుతుంది?" అని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే విషయం ఇంకొకటుంది. 1981లో, దేశమంతా ఆవిడ పాటలు పాడుకుంటున్న రోజుల్లో, మాస్కోలోని గీతిస్ అనే నాటక విద్యాలయం నుంచి ఆవిడ దర్శకత్వంలో డిప్లొమా తీసుకున్నారు. అంత పేరొచ్చాక కూడా వెళ్లి క్లాసులో కూర్చున్నారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: ఒక్క పాట క్లిక్ అయితే రాత్రికి రాత్రే స్టార్.

మొదటి పాట 'రోబోట్' 1965లో రేడియోలో వచ్చింది. అప్పటికి ఆవిడకి పదహారేళ్లు. పెద్ద పేరు తెచ్చిన పాట 1975లో. మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లలో రేడియో బృందంతో సైబీరియాలోని త్యుమెన్ ప్రాంతానికి వెళ్లి చమురు కార్మికుల ముందు పాడారు. కొన్నాళ్లు బడిలో సంగీతం చెప్పారు. సర్కస్ స్కూల్లో పియానో వాయించారు. సర్కస్ కళాకారుడు మీకొలాస్ ఒర్బాకాస్‌ని పెళ్లి చేసుకున్నారు, 1971లో కూతురు క్రిస్టీనా పుట్టింది. ఒక బృందం నుంచి ఇంకో బృందానికి మారుతూ ఊరూరా తిరిగారు. 1974లో సోవియట్ దేశమంతటికీ జరిగిన పోటీలో ఆవిడకి వచ్చింది మూడో బహుమతి. రెండేళ్లకే నిరాశపడిపోయే పిల్లలకి ఈ లెక్క వేళ్ల మీద వేసి చూపిస్తాను.

అపోహ: మంచి గాయని అంటే తియ్యటి గొంతు.

ఇది అన్నిటికంటే మొండి అపోహ. దీనికి ఆవిడ పాట 'అర్లెకీనో' వినాలి. 1975లో బల్గేరియాలో జరిగిన గోల్డెన్ ఆర్ఫియస్ పోటీకి ఆవిడ బల్గేరియా సంగీతకారుడు ఎమిల్ దిమిత్రొవ్ పాటనే, రష్యన్ మాటలతో తీసుకెళ్లారు. పాడేది ఒక సర్కస్ విదూషకుడు. అందర్నీ నవ్వించాలి, తన బాధ మాత్రం ఎవరికీ పట్టదు. పాట మధ్యలో ఆవిడ నవ్వుతారు. కళ్లు మూసుకుని వింటే నవ్వో ఏడుపో తేల్చుకోలేం. పోటీలో అన్నిటికంటే పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ ఆవిడకే ఇచ్చారు. సర్కస్ స్కూల్లో పియానో దగ్గర కూర్చున్న రోజులు ఊరికే పోలేదని నా నమ్మకం.

ఆ నవ్వు నటన ఒక్కటే కాదు, అది శ్రుతిలో ఉంటుంది. క్లాసులో దీన్నే అభ్యాసంగా పెట్టాను. అరచేయి పొట్ట మీద పెట్టుకుని స రి గ మ ప మీద 'హ హ హ' అని నవ్వమంటాను. ఒక్కో 'హ'కి పొట్ట లోపలికి ఒక చిన్న దెబ్బలా కదలాలి. గొంతుతో నవ్వితే రెండు నిమిషాల్లో మంట పుడుతుంది. పొట్టతో నవ్వితే అరగంటైనా ఇబ్బంది ఉండదు. ఎంతో తియ్యగా పాడే పిల్లలు కూడా 'మ' దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోయి ఆగిపోతారు. గొంతు బాగుండటం వేరు, గొంతు మన మాట వినడం వేరని వాళ్లకి అక్కడ తెలుస్తుంది.

అపోహ: ప్లేబ్యాక్ మన సినిమాల్లోనే ఉంటుంది.

1976 జనవరి 1న సోవియట్ టీవీలో 'విధి విలాసం' అనదగ్గ పేరున్న సినిమా వచ్చింది. ఇప్పటికీ రష్యాలో కొత్త సంవత్సరం వచ్చిందంటే అది చూస్తారు. అందులో హీరోయిన్ బార్బరా బ్రిల్‌స్కా పోలాండ్ నటి. మాటలు వాలెంతీనా తలీజినావి, పాటలు పుగచోవావి. ఒక పాత్ర, ముగ్గురు ఆడవాళ్లు! డబ్బింగ్ ఆర్టిస్టులూ గాయనులూ కలిసి హీరోయిన్లకి ప్రాణం పోసిన చరిత్ర మనకీ ఉంది కాబట్టి, తెలుగువాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. సంగీతం మికయేల్ తరివెర్దీయెవ్‌ది. పుగచోవా గిటార్ పక్కన దాదాపు గుసగుసలా పాడతారు. 'అర్లెకీనో' పాడిన మనిషే అని చెబితే మా పిల్లలు నమ్మలేదు.

అపోహ: గాయని ఎవరో రాసిచ్చింది పాడుతుంది, అంతే.

సోవియట్ రోజుల్లో పాట జనంలోకి రావాలంటే, పాటల్ని పరిశీలించే కళామండలి ఆమోదం ఉండాలి. సంగీతకారుల సంఘంలో సభ్యులు కానివాళ్ల పాటకి దారి దొరకడం చాలా కష్టం. పుగచోవా తను కట్టిన బాణీల్ని బరీస్ గర్బనోస్ అనే మగపేరుతో బయటికి తెచ్చారు. అలాంటి మనిషే లేడు. ఆవిడే కథానాయికగా నటించిన 'పాడే స్త్రీ' సినిమాలో ఆ పేరుతోనే పాటలు వచ్చాయి. ఆ సినిమా సంగీత దర్శకుడు అలెగ్జాండర్ జత్సేపిన్‌కి అసలు సంగతి తెలిశాక ఇద్దరికీ చెడింది. ఆయన కోపంలో న్యాయముంది. అయినా సొంత పాటకి సొంత పేరు పెట్టుకోలేని అవస్థ నన్ను ఎక్కువ బాధిస్తుంది.

అపోహ: అంత పెద్ద స్టార్‌కి ఓటమి ఉండదు.

1997లో డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీలో రష్యా తరఫున ఆవిడే పాడారు. పదిహేనో స్థానం వచ్చింది. అప్పటికి ఆవిడకి 48 ఏళ్లు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు హాళ్లు నిండుతూనే ఉన్నాయి.

అపోహ: సర్కారు బిరుదులు తీసుకున్నవాళ్లు సర్కారు మాటే మాట్లాడతారు.

చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం 1986 ఏప్రిల్ 26న జరిగింది. మే 30న మాస్కో ఒలింపిస్కీ స్టేడియంలో బాధితుల సహాయం కోసం కచేరీ పెట్టించడంలో ముందున్నది పుగచోవాయే. అదే సెప్టెంబరులో చెర్నోబిల్ దగ్గరికే వెళ్లి, అక్కడ శుభ్రం చేస్తున్న కార్మికుల ముందు పాడారు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ ప్రజాకళాకారిణి బిరుదు వచ్చింది. ఆ నెలలోనే ఆ దేశం లేకుండా పోయింది.

2022 సెప్టెంబరులో రష్యా ప్రభుత్వం ఆవిడ భర్త మక్సీమ్ గాల్కిన్‌ని 'విదేశీ ఏజెంట్'ల జాబితాలో, అంటే బయటి దేశాల ప్రభావంలో పనిచేస్తున్నారని ముద్ర వేసే జాబితాలో, చేర్చింది. ఉక్రెయిన్ యుద్ధాన్ని ఆయన బాహాటంగా వ్యతిరేకించారు. రెండు రోజులకి పుగచోవా ఇన్‌స్టాగ్రామ్‌లో తననూ ఆ జాబితాలో చేర్చమని రాశారు. లేనిపోని లక్ష్యాల కోసం మన కుర్రాళ్లు చనిపోవడం ఆగాలని తన భర్త కోరుకుంటున్నాడనీ, తానూ ఆయన పక్షమేననీ అందులో చెప్పారు. అప్పటికి ఆవిడ వయసు 73.